నలభై నిమిషాలు ఒక్క తీరు మోత

హనుమమ్మకు గడ్డి మిషన్ పట్టిందట.

దయ్యం కాదు, గాలి కాదు. మిషన్. ఈ మాట పాలు పోయడానికి వచ్చిన గుర్వమ్మ చెప్పింది. ఆమెకు పిండి గిర్నీ దగ్గర నర్సింగమ్మ చెప్పిందట. గుర్వమ్మ పోయాక ఆ కథనంతా ఎస్.ఐ. పర్వతాలు భార్య అద్దం పక్కన నిలబడి మొగుడికి మళ్లీ అప్పజెప్పింది.

"నిన్న లాల్ బీ పీనుగ దొరికిన కాంచి హనుమమ్మకు జరమట. కండ్లు తెరుస్తలేదట. 'అది నడ్వది, అది నడ్వనే నడ్వది' అని ఒకటే పలవరింతనట. నర్సింగమ్మ అయితే తన చెవులతోని ఇన్నదట. నలభై నిమిషాలు ఆ మిషన్ ఒక్క తీరుగ ఏడ్సిందట. పైకి లేవలే, కిందికి దిగలే. మనిషి పట్టుకుంటే అట్ల మొత్తుకోదట. లాల్ బీ పానం అండ్ల సొచ్చిందంటున్నరు."

"పానం పోయినంక సొచ్చిందా, పోకముందే సొచ్చిందా?"

"నాకేం ఎరుక? గుర్వమ్మనడుగు పో."

పర్వతాలు నవ్వబోయాడు. బ్లేడు దవడ దగ్గర ఆగిపోయింది.

అది నడ్వది.

నడవకపోవడమేమిటి? నడిచింది. వాడంతా విన్నది.

టైమ్ ఆరు నలభై. శనివారం. 1994 నవంబర్.

అతను సగం గీసిన గడ్డం తుడుచుకుని చొక్కా అందుకున్నాడు.

*

కట్టంగూర్ దాటాక బెజవాడ రోడ్డుకు ఎడమ పక్క పదెకరాల బత్తాయి తోట. యజమానురాలు లాల్ బీ. వయసు అరవై రెండు. భర్త లేడు, పిల్లలు లేరు. చెల్లెలి కొడుకు తాజుద్దీన్‌ను పెంచుకున్నది. అతను ఆమెను ఖాలా అని పిలుస్తాడు. అతను నాలుగేళ్లు సౌదీలో చేసి, పోయిన బక్రీదుకు తిరిగొచ్చాడు. వస్తూ పెట్రోల్‌తో నడిచే గడ్డి కోసే మిషన్ తెచ్చాడు. పొడుగాటి గొట్టం. ఒక కొసకు చిన్న ఇంజన్, దాని కింద ట్యాంకు. ఇంకో కొసకు గిర్రున తిరిగే నైలాన్ తీగ. బెల్టుతో భుజానికి తగిలించుకుని ఊపుకుంటూ పోతే, ఆరుగురు ఆడవాళ్లు రోజంతా కోసే గడ్డి ఒక్క పూటలో నేల మీద పడుతుంది.

నడిస్తే.

స్టార్ట్ అవుతుంది. నాలుగు నిమిషాలు. ఆగిపోతుంది. కట్టంగూర్‌లో మెకానిక్ దుకాణం ఉన్న లతీఫ్ మూడు సార్లు విప్పాడు. ప్లగ్గు మార్చాడు. కార్బురేటర్ కడిగాడు. ఫిల్టర్ మార్చాడు. దుకాణంలో మిషన్ బ్రహ్మాండంగా నడిచింది. తోటకు రాగానే మళ్లీ నాలుగు నిమిషాలు. గురువారం నాడు లాల్ బీ దుకాణం ముందు నిలబడి నలుగురిలో అతని పరువు తీసింది. "ఇంకొక్కసారి ఆగిందా, నీ డబ్బల ఉన్న పానాలన్ని తీస్కపోయి నా హౌజుల ఏస్త!" అన్నది.

మరునాడు తోటలోని ఆ నీళ్ల హౌజులో ఆమే తేలింది.

శుక్రవారం 5.20. మిరప చేలో కూలి ముగించుకుని కాళ్లు కడుక్కోవడానికి వచ్చిన హనుమమ్మ మొదట చూసింది. లాల్ బీ బోర్లా పడి ఉంది. తల వెనక పగిలి ఉంది. సాయంత్రం నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడిగి వజూ చేసుకోవడానికి ఆమె రోజూ ఆ హౌజు దగ్గరికే వస్తుంది. గట్టు మీద చెంబు ఉంది. దాని పక్కన పద్నాలుగో నంబరు పానా. పిడికి ఎర్ర రంగు.

ఎర్ర రంగు లతీఫ్ పానాలకే ఉంటుంది.

నాలుగున్నరకు లతీఫ్ లూనా తోట గేటు దగ్గర ఆగి ఉండగా ముగ్గురు చూశారు. చావు నాలుగుకూ ఐదుకూ మధ్య అని డాక్టర్ రాశాడు. రాత్రి తొమ్మిదికి లతీఫ్ లాకప్‌లో ఉన్నాడు.

అంతా సరిపోయింది. మరీ ఎక్కువ సరిపోయింది.

*

ఎనిమిది గంటలకు స్టేషన్ ముందు జీపు దిగేసరికి లతీఫ్ భార్య ఖాతూన్ మెట్ల కింద కూర్చుని ఉంది. రాత్రి నుంచి అక్కడే ఉందట. లేచి నిలబడి చేతిలోని టిఫిన్ డబ్బా ముందుకు చాపింది.

హెడ్ కానిస్టేబుల్ భిక్షం సెల్యూట్ కొట్టి గొంతు తగ్గించాడు.

"సార్, డీఎస్పీ సార్ ఫోన్ చేసిండు. ఐదింటికి వస్తరట. మనిషిని నల్గొండకు తీస్కపోతరట. ఆయన మనుషులే అడుగుతరట."

'అడగడం' అంటే ఏమిటో భిక్షానికి తెలుసు. పర్వతాలుకు తెలుసు. ఊచల వెనక నిలబడి వింటున్న లతీఫ్‌కు అందరికంటే ఎక్కువ తెలుసు. పోయిన ఏడాది ఇట్లాగే నల్గొండకు పోయిన ఒక డ్రైవర్ చేయని దొంగతనం ఒప్పుకుని వచ్చాడు. ఇప్పటికీ ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు.

"సాబ్, నా చేతులు..." అన్నాడు లతీఫ్. "నా చేతులు పోతే నేనేం చేసి బత్కాలె సాబ్?"

"నాలుగున్నరకు గేటు కాడ ఏం చేసినవ్?"

"లాల్ బీ అమ్మ కబురు పంపింది, మిషన్ మళ్ల ఆగిందని. తిట్లు తినెటందుకే పోయిన. గేటు కాడికి పోంగనే మిషన్ సప్పుడు. మంచిగ నడుస్తాంది. ఇగ నన్నెందుకు తిడ్తదని పావుగంట ఇని వాపస్ వచ్చిన."

"లోపలికి పోలే?"

"పోలే సాబ్. ఖుదా కసమ్."

"పానా?"

"పది రోజుల కింద తోటలనే పోయింది. లింగస్వామిని అడిగిన. కనబడలేదన్నడు."

"సప్పుడు ఎట్లుండె?"

లతీఫ్ ఒక్క క్షణం భయం మరిచిపోయాడు. మెకానిక్ చెవులు గుర్తు తెచ్చుకున్నాయి.

"నా షాపుల నడిచినట్టే ఉండె సాబ్. అసల్ గట్లనే."

పర్వతాలు నోట్‌బుక్‌లో ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. కింద గీత గీశాడు.

"నీ షాపుల ఎట్ల నడిపిస్తవ్?"

"దూలానికి ఏలాడదీస్త. బెల్టు కొండికి తాడు కట్టి. చేత్తోని నొక్కే రేసు పట్టికి కూడ వదలకుండ దారం కడ్త. మూత తీసి పక్కకు పెడ్త, పెట్రోల్ ఎంత దిగుతాందో కనబడాలె కద. అరగంట నడవనిస్త."

"మూడు సార్లు మిషన్ నీ దగ్గరికి తెచ్చిందెవరు?"

"కావలి లింగస్వామి. స్టూల్ మీద కూసోని చాయ్ తాగుకుంట చూస్తుండె."

టైమ్ ఎనిమిది ఇరవై. ఇంకా ఎనిమిది గంటల నలభై నిమిషాలు.

*

తోట పగటి పూట కూడా బోసిగా ఉంది. కూలికి ఒక్కరూ రాలేదు. నిన్నటిదాకా పిల్లలు కాయల కోసం కంచె దూరేవాళ్లు. ఇవాళ కంచె పక్క బాటనే వదిలేసి ఊరు చుట్టు తిరిగిపోతున్నారు. చెట్ల మొదళ్ల నుంచి కారిన బంక ఎండలో తేనె చుక్కల్లా మెరుస్తోంది. ఎక్కడో ఒక కాయ రాలింది. భిక్షం ఉలిక్కిపడి లాఠీ పట్టుకున్నాడు.

"సార్, నర్సింగమ్మ అన్నట్టు ఆ మిషన్ మనల్ని చూసి స్టార్ట్ అయితేనో?"

"అయితే మంచిదే. లతీఫ్ రిపేర్ చేసినట్టయితది."

తాజుద్దీన్ కావలి గుడిసె ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు. కళ్లు వాచి ఉన్నాయి. శుక్రవారమంతా పట్నంలో పాస్‌పోర్ట్ ఆఫీసులో ఉన్నాడు. రసీదు చూపించాడు. బస్ టికెట్ చూపించాడు.

"గురువారం పొద్దుగాల నేను బయల్దేరంగ ఖాలా ఒక మాటన్నది సార్. 'నువ్ జల్ది వాపస్ రా, తోట సంగతి ఒకటి చెప్పాలె' అన్నది. ఏందని అడిగిన. వచ్చినంక చెప్తనన్నది."

"ఎవరి ముంగట అన్నది?"

"ఎవరున్నరు? నేను, ఖాలా, లింగస్వామి. అంతే."

కావలి లింగస్వామి పన్నెండేళ్లుగా ఆ తోటలోనే గుడిసె వేసుకుని ఉన్నాడు. నలభై ఐదు దాటింది. చెవి మీద బీడీ. మనిషి నెమ్మది. అడిగినదానికి అడిగినంతే చెప్పాడు.

"నిన్న నాలుగింటికి ఎక్కడున్నవ్?"

"తూర్పు బాజు సాళ్లల్ల, సారు. కంచె కాడ. గడ్డి కొట్టిన."

"ఎంతసేపు?"

"నాలుగు పది నుంచి ఇగ ఐదు కావొస్తుండంగ దాంక. నర్సింగమ్మనడుగుండ్రి, వాళ్ల ఇల్లు కంచె అవతలనే."

"హౌజు ఎంత దూరం?"

"మూడు నూర్ల గజాలుంటది."

"కేక ఇనబడలే?"

"మిషన్ నడుస్తుంటే పిడుగు పడ్డా ఇనబడది సారు."

"నాలుగు నిమిషాలకు ఆగుతదంటరు కద?"

"నిన్నెందుకో నడిచింది. నాకూ ఇచ్చంత్రమే అయింది."

"పెట్రోల్ మూత?"

లింగస్వామి మొదటిసారి ఒక ఊపిరంత ఆలస్యం చేశాడు.

"బిర్రుగనే పెట్టిన. లేకుంటే పెట్రోల్ మీద పడ్తది కద."

"బీడీ తాగినవా?"

"రెండు తాగిన. నోట్ల పెట్టుకొనే కొట్టిన."

పర్వతాలు నిన్నటి చొక్కా, లుంగీ అడిగాడు. అవే ఒంటి మీద ఉన్నాయి. దగ్గరికి పోయి వాసన చూశాడు. చెమట. బీడీ. మట్టి.

తూర్పు సాళ్లలో గడ్డి కోసి ఉంది. వంగి ఒక మొదలు తెంపి కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి చెట్లు చూసుకుంటూ నడిచాడు. మూడో చెట్టు దగ్గర ఆగాడు. నాలుగు ఆకులు తెంపి కవర్లో పెట్టుకున్నాడు. కొమ్మ మీద బొటనవేలితో రాసి చూశాడు.

టైమ్ పదకొండు యాభై.

*

హనుమమ్మ ఇంట్లో పగలే చీకటి. తలుపు మూసి, గొంగడి కప్పుకుని గోడకు ఆనుకుని ఉంది. బెజవాడ రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా చెవులు మూసుకుంటోంది.

నలభై ఏళ్లుంటాయి. గడ్డి కోసే ఆరుగురికి ఆమే పెద్ద. ఎవరికీ జడిసే మనిషి కాదని ఊరు చెప్పుకుంటుంది.

"పీనుగను చూసి జడుసుకున్నవా హనుమమ్మా?"

"పీనుగలు సూడనా సారు? మా అత్తను, మామను నేనే కడిగిన."

"మరి?"

"అది నడ్సింది." గొంతు గొణుగుడైంది. "మిరప సేన్ల ఉన్నం. అందరం ఇన్నం. ఆగుతదేమో అని సూసిన. ఆగలే. నా పానం ఆగింది గని అది ఆగలే."

"మిషన్ అన్నంక నడుస్తది."

"అది నడ్వది సారు!"

"ఎందుకు నడ్వది?"

ఆమె గొంగడి ముఖం మీదికి లాక్కుంది.

పర్వతాలు గడప మీద కూర్చున్నాడు. ఊరంతా చావుకు భయపడుతోంది. ఈమె ఒక్కతే మిషన్ నడిచినందుకు భయపడుతోంది. నడవదని అందరికంటే గట్టిగా ఎవరు నమ్ముతారు?

"లతీఫ్‌ను ఐదింటికి నల్గొండకు తీస్కపోతరు," అన్నాడు లేస్తూ. "మళ్ల వస్తే చేతులు ఉంటయో లేదో. అతను చంపలే. నాకు తెలుసు. రుజువు మాత్రం ఆ మిషన్‌లనే ఉన్నది. మూడున్నరకు తోటకు రా. జరమున్నా రా."



*

మూడు ముప్పై. తూర్పు కంచె.

తాజుద్దీన్ ఉన్నాడు. లింగస్వామి ఉన్నాడు. కంచె అవతలి నుంచి నర్సింగమ్మ వచ్చింది. బేడీలతో లతీఫ్, అతని పక్కన భిక్షం. కొంచెం దూరంలో ఖాతూన్. పర్వతాలు హౌజు నుంచి ఒక బకెట్ నీళ్లు తెప్పించి చెట్టు కింద పెట్టించాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

చివరగా హనుమమ్మ వచ్చింది. గొంగడి కప్పుకునే వచ్చింది. మిషన్‌కు పది గజాల దూరంలో ఆగిపోయింది.

"లింగస్వామీ. నిన్న ఎట్ల కొట్టినవో అట్ల కొట్టు. మూత బిర్రుగ పెట్టు."

ట్యాంకు నిండా పెట్రోల్. లింగస్వామి బెల్టు వేసుకున్నాడు. తాడు గుంజాడు. మిషన్ అరిచింది. హనుమమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

తీగ గడ్డికి తగలగానే మోత దిగింది. పైకి లేపగానే ఎగిసింది. దిగింది. ఎగిసింది. అందరి కళ్లూ మిషన్ మీద ఉన్నాయి. పర్వతాలు కళ్లు గడియారం మీద ఉన్నాయి.

ఒక నిమిషం. రెండు. మూడు.

నాలుగు నిమిషాల పది సెకన్లకు మిషన్ దగ్గింది. ఆగింది.

తోట అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"మళ్ల గుంజు."

గుంజాడు. రాలేదు. ఐదు సార్లు గుంజాడు. రాలేదు. పర్వతాలు పోయి మూత కొంచెం తిప్పాడు. 'సుయ్' మని గాలి లోపలికి పోయిన చప్పుడు. బిగించాడు.

"ఇప్పుడు గుంజు."

మొదటి గుంజుకే స్టార్ట్ అయింది. మళ్లీ నాలుగు నిమిషాలు. మళ్లీ చావు.

"పొద్దుట నుంచి తొమ్మిది సార్లు చూసిన," అన్నాడు పర్వతాలు. "ఒక్కసారి కూడ ఐదో నిమిషం చూడలే. నిన్న నలభై నిమిషాలు ఎట్ల నడిచింది లింగస్వామీ?"

"ఏమో సారు... మూత వదులుగ పెట్టిన కావొచ్చు. యాదికి లేదు."

"పొద్దుగాల బిర్రుగ పెట్టిన్నంటివి."

"వదులుగనే పెట్టిన."

"సరే. వదులుగ పెట్టి కొట్టు."

లింగస్వామి మూత వదులు చేశాడు. మిషన్ ఎత్తాడు. నాలుగు ఊపులు ఊపాడు. ట్యాంకులోంచి పెట్రోల్ చిమ్మింది. నడుము తడిసింది, లుంగీ తడిసింది. కాళ్ల వెంట ధార కారింది. వాసన అందరి ముక్కులకూ కొట్టింది. లింగస్వామి గబుక్కున మిషన్ ఆపి కింద పెట్టాడు.

"నిన్న రెండు బీడీలు తాగుకుంట కొట్టిన్నంటివి. ఈ బట్టలతోనే. వీటికి పెట్రోల్ వాసన లేకుండె. మూత బిగిస్తే మిషన్ ఆగుతది. వదులు చేస్తే నువ్వు తడుస్తవ్. ఆగలే, తడవలే. అంటే మిషన్ నడిచింది గని నీ భుజం మీద లేదు."

పర్వతాలు కంచె వైపు తిరిగాడు.

"నర్సింగమ్మా, ఇప్పుడు ఇన్న సప్పుడూ నిన్నటి సప్పుడూ ఒకటేనా?"

"ఎక్కడి ఒకటి కొడుకా? గిది ఎక్కుతాంది దిగుతాంది. నిన్న ఒక్క తీరుగ ఏడ్సింది. సెప్తే నన్ను పిస్సదాన్ని సేసిండ్రు గద అందరు!"

"నువ్వు చెప్పింది ఒక్కటీ తప్పు కాదు. గడ్డి తగిల్తే ఇంజన్ గొంతు దిగుతది. నిన్న దానికి ఒక్క గడ్డిపోచ తగల్లే." పర్వతాలు కవర్ తీశాడు. "ఈ ఆకులు మూడో చెట్టువి. ఒక్క కొమ్మకే మాడినయి. పొగ గొట్టం వేడి. కొమ్మ మీద తాడు రాపిడి. లతీఫ్ షాపుల దూలానికి ఎట్ల ఏలాడదీస్తడో అట్లనే ఏలాడదీసినవ్. రేసుకు దారం కట్టినవ్. మూత తీసినవ్, అతను తీస్తడు కాబట్టి. చాయ్ తాగుకుంట మూడు సార్లు చూసి నేర్చుకున్న పని."

"మరి కోసిన గడ్డి సారు? రెండు సాళ్లు కొట్టిన కద!"

"కొడవలితోని, ముందుగాలనే కోసి పెట్టినవ్." పర్వతాలు రెండు మొదళ్లు చూపించాడు. "నైలాన్ తీగ గడ్డిని కోయది, కొడ్తది. మొదలు పీచు పీచు అయితది, ఇదిగో ఇప్పటిది. నిన్నటిది చూడు. ఏటవాలుగ, నున్నగ. హనుమమ్మనడుగు, కొడవలి కోతనో కాదో చెప్తది."

లింగస్వామి తాజుద్దీన్ వైపు చూశాడు. పన్నెండేళ్ల నెమ్మదితనం ముఖం మీది నుంచి జారిపోయింది.

"రెండు కాపులల్ల కాయ దొంగతనంగ లారీలకు ఎత్తిన," అన్నాడు. "మీ ఖాలా సూసింది. శనివారం దాంక గడువిచ్చింది. 'తాజుద్దీన్‌కు నువ్వే సెప్పు, లేకుంటే నేను సెప్త' అన్నది. పన్నెండేండ్లాయె. ఈడ తప్ప నాకు ఇంకో జాగ లేదు. నోరు మూసుకో అమ్మా అని కాళ్లు మొక్కిన. ఇనలే."

"దాచిన పానాతోని కొట్టినవ్."

లింగస్వామి చెయ్యి లుంగీ మడతలోకి పోయింది. బయటికి వచ్చేసరికి అందులో అగ్గిపెట్టె ఉంది.

"దగ్గరికి రాకుండ్రి!"

అగ్గిపుల్ల పెట్టె అంచు మీద ఉంది. పెట్రోల్ ఇంకా కాళ్ల వెంట కారుతోంది. తాజుద్దీన్ వెనక్కి జరిగాడు. భిక్షం లాఠీ జారింది. పర్వతాలు ఒక్క అడుగు వేయలేదు. వేస్తే గీస్తాడు. వేయకపోయినా గీస్తాడు. ఇంత దూరం తెచ్చింది తనే. తడవనిచ్చింది తనే.

పుల్ల కదిలింది.

నీళ్లు ఎటు నుంచి వచ్చాయో ఎవరూ చూడలేదు. బకెట్ నిండా ఉన్నవి లింగస్వామి ముఖం మీద, చేతుల మీద ధన్ మని పడ్డాయి. అగ్గిపెట్టె బురదలో పడింది. భిక్షం, పర్వతాలు ఒకేసారి మీద పడ్డారు.

బకెట్ పట్టుకుని హనుమమ్మ నిలబడి ఉంది. గొంగడి ఎక్కడో జారిపోయింది.

"సావు అంత సులువైతే మేమెప్పుడో సస్తుంటిమి," అన్నది ఆయాసంతో.

*

నాలుగు యాభైకి లతీఫ్ చేతుల బేడీలు లింగస్వామి చేతులకు మారాయి. ఖాతూన్ వచ్చి మొగుడి చేతులు రెండూ పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటీ ముట్టి చూసుకుంది.

లతీఫ్ మాత్రం మిషన్ వైపే చూస్తున్నాడు.

"మూత!" అన్నాడు. "ప్లగ్గు చూసిన, పాయింట్ చూసిన. మూత తీసి పక్కకు పెట్టి మిగిలిందంత చూసిన. మూత చూడలే! థూ, నా మెకానిక్ బతుకు!"

పర్వతాలు మూత తిరగేసి చూపించాడు. నడిమధ్యన సూది దూరేంత బొక్క. దాన్ని మూసి, తేనె రంగులో ఎండిన చుక్క.

"ట్యాంకుల పెట్రోల్ తగ్గినకొద్దీ ఈ బొక్కల నుంచి గాలి లోపలికి పోవాలె. పోకుంటే ఇంజన్‌కు పెట్రోల్ అందది. నాలుగు నిమిషాలకు గొంతు పట్టేస్తది. లతీఫ్ దీన్ని పెట్రోల్‌తోని కడిగినా ఏం కాకపోతుండె. ఇది పెట్రోల్‌ల కరగది. నీళ్లల్ల కరుగుతది."

హనుమమ్మ చేతిలోని బకెట్ అడుగున మిగిలిన నీళ్లలో మూత వేశాడు. కాసేపటికి తీసి వేలితో నొక్కాడు. చుక్క మెత్తబడి ఊడింది. వేళ్లకు జిగురుగా అంటుకుంది.

బత్తాయి బంక.

"ఎవరు పెట్టిండ్రు?" తాజుద్దీన్ గొంతు లేచింది. "నేను సౌదీల ఎండల పని చేసి కొనుక్కొచ్చిన మిషన్! ఆరు నెలలు ఎవరు చెడగొట్టిండ్రు?"

పర్వతాలు ఎవరి వైపూ చూడలేదు. చూడనవసరం లేదు.

"నేనే పెట్టిన," అన్నది హనుమమ్మ.

నర్సింగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కొత్తగ తెచ్చిననాడు అందరిని పిలిచి సూపెట్టినవ్ కద తాజుద్దీన్! 'గీ బొక్కకు ఏలు అడ్డం పెట్టొద్దు, మిషన్ ఊపిరాడక ఆగుతది' అని నువ్వే సెప్పినవ్. అది నడిస్తే మా ఆరుగురి కూలి పోతదని ఆనాడే బంక మెదిపి పెట్టిన. అది నడ్వదని నాకు ఎరుక. నిన్న నడిచెటాల్లకు నా ఊపిరి ఆగింది. పీనుగను సూసినంక, లాల్ బీ అమ్మనే వచ్చి నడిపిందనుకున్న. నా పాపం నన్ను పట్టుకున్నదనుకున్న."

"ఆ బంకనే లతీఫ్‌ను బచాయించింది," అన్నాడు పర్వతాలు మెల్లగా. "లేకుంటే లింగస్వామి మాట అబద్ధమని చెప్పేటోళ్లు లేరు."

తాజుద్దీన్ కోపం సగంలో ఆగిపోయింది. హౌజు వైపు చూశాడు. మళ్లీ ఆమె వైపు తిరిగాడు. ఈసారి గొంతు మెత్తగా వచ్చింది.

"నాకెందుకు చెప్పలే హనుమమ్మా? నేనేమన్న పరాయోణ్నా? ఒక్క మాటంటే మీ ఆరుగురికి ఇంకో పని సూపెట్టకపోదునా?"

హనుమమ్మ బకెట్ కింద పెట్టింది. గొంగడి తీసి భుజం మీద వేసుకుంది.

"ఏం పని సూపెడ్తుంటివి? గిప్పుడు సెప్పు."